ఇమ్యూన్ సెల్స్ మీద కాన్ఫరెన్స్ పెడతాండారా? ముందు పీహెచ్‌డీ పిల్లోళ్ళ సంగతి చూడండి

మొన్న కడప నుంచి ఒక తమ్ముడు ఫోన్ చేసినాడు, అసిస్టెంట్ ప్రొఫెసర్‌గా చేరి మూడేండ్లయింది, "అన్నా, మా డిపార్ట్‌మెంట్‌లో ఇమ్యూన్ సెల్స్ (ఒంట్లో రోగాలతో కొట్లాడే కణాలు) మీద రెండ్రోజుల కాన్ఫరెన్స్ పెట్టాలనుకుంటాండాం, మీరు అనంతపురంలో రెండుసార్లు పెట్టినారు కదా, ఏమేం చూసుకోవాలో చెప్పండి" అని. ఫ్లెక్సీ, శాలువలు, మెమెంటోలు, చీఫ్ గెస్టుకు కారు, ఈ లిస్టు చెప్తాననుకున్నాడేమో పాపం. అవన్నీ ఎవరైనా చేస్తారప్పా, శాలువా కప్పేది మనకు ఎవరూ నేర్పాల్సిన పని లేదు. మనం తప్పేది ఒక్క చోటే, తమ పని అచ్చేసిన పోస్టర్ గొట్టం సంకలో పెట్టుకుని బస్సు దిగే పీహెచ్‌డీ స్కాలర్ల దగ్గర. వాళ్ళు వస్తారు, రెండ్రోజులు వెనక వరసలో కూర్చుంటారు, భోంచేస్తారు, సర్టిఫికెట్ తీసుకుని పోతారు, వాళ్ళ పని ఏందని ఒక్కరు కూడా అడిగుండరు. ఫోన్‌లో గంట సేపు చెప్పినా సగం మర్చిపోయింటాడు, అందుకే రాసి పెడతాండా, కర్నూలోళ్ళకూ మా అనంతపురమోళ్ళకూ కూడా పనికొస్తాది.

మొదట డబ్బు సంగతి. దీని గురించి మాట్లాడాలంటే మనోళ్ళకు మొహమాటం, కానీ మిగతా అంతా దీని తర్వాతే. సీఎస్‌ఐఆర్ లాంటి కేంద్ర సంస్థల జేఆర్‌ఎఫ్ ఫెలోషిప్ ఉన్నోళ్ళకు 2023 జనవరి నుంచి నెలకు 37,000, దాని తర్వాత దశ ఎస్‌ఆర్‌ఎఫ్ అయితే 42,000, వాళ్ళు ఎట్లనో లాగేస్తారు. మన పక్క స్టేట్ యూనివర్సిటీల్లో ఫెలోషిప్ లేకుండా పీహెచ్‌డీ చేసేవాళ్ళు, పొద్దున జూనియర్ కాలేజీలో క్లాసులు చెప్పి మధ్యాహ్నం ల్యాబ్‌కొచ్చేవాళ్ళు ఎంతమందో మీకూ తెలుసు. వీళ్ళిద్దరికీ ఒకే రిజిస్ట్రేషన్ ఫీజు పెడితే ఎట్ల? రిజిస్ట్రేషన్ ఫారంలో ఒకే ఒక లైన్ పెట్టండి, "ఫెలోషిప్ వస్తాందా, లేదా" అని, లేదన్నోళ్ళకు ఫీజు తీసేయండి, దానికి ఇన్‌కమ్ సర్టిఫికెట్ తెమ్మని మీసేవ చుట్టూ తిప్పొద్దు. అబద్ధం చెప్పేవాళ్ళు ఒకరిద్దరు ఉంటారు, ఉండనీ.

ఇంకో మాట, ట్రావెల్ డబ్బులు ముందే ఇవ్వండి. తర్వాత బిల్లు పెట్టుకోండి అనే పద్ధతి స్కాలర్లకు పనికిరాదు. నేను స్కాలర్‌గా ఉన్నప్పుడు ఒకసారి నార్త్‌లో కాన్ఫరెన్స్‌కు ఫ్రెండ్ దగ్గర అప్పు తీసుకుని స్లీపర్‌లో పోయినా, వచ్చినాక బిల్లు పెడితే అది ఒక టేబుల్ మీద నుంచి ఇంకో టేబుల్ మీదికి పోయి, ఒరిజినల్ టికెట్ లేదని ఒకసారి, సంతకం పచ్చ ఇంకుతో లేదని ఒకసారి వెనక్కొచ్చి, ఆఖరికి పదమూడు నెలలకు డబ్బులొచ్చినాయి, అప్పిచ్చినోడు అప్పటికి మాట్లాడడమే మానేసినాడు. ఏ ఆఫీసో ఎందుకులే. మా కాన్ఫరెన్స్‌లో లెక్క ఇట్ల వేసుకున్నాం: మనిషికి రానుపోను బస్సు 600, హాస్టల్‌లో రెండు రాత్రులు 400, పోస్టర్ ప్రింట్ 500, మొత్తం 1500. నలభై మందికి 60,000. ఇద్దరు ప్లీనరీ (అందరూ కూర్చుని వినే పెద్ద లెక్చర్) స్పీకర్ల ఫ్లైట్, హోటల్ ఖర్చు కంటే ఎక్కువేం కాదు. అబ్‌స్ట్రాక్ట్ (పని గురించి రాసి పంపే చిన్న సారాంశం) ఒప్పుకున్న వారంలోపల ఫోన్‌పే కొట్టేసినాం, ఆడిట్‌కు ఒక పేజీ రసీదు, అంతే. ఇప్పుడు ఆడపిల్లలకైతే 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీ శక్తి కింద ఆర్టీసీ ఎక్స్‌ప్రెస్ దాకా టికెట్ లేదు, ఆ మిగిలింది ఇంకో మనిషికి సరిపోతాది. పోస్టర్ గురించి ఒక చిన్న చిట్కా, ఏ0 సైజు అంటే 84 బై 119 సెంటీమీటర్లు, దాదాపు 11 చదరపు అడుగులు, ఫ్లెక్స్ షాపులో అడుగుల లెక్కన తక్కువలో అయిపోతాది, కానీ ఎలక్షన్ ఫ్లెక్సీ మాదిరి రంగులు కొట్టకుండా షాపోనికి దగ్గరుండి చెప్పుకోవాల. ఫ్లోరోసెంట్ ఫోటోల్లో (సెల్స్ రంగులతో వెలిగేటట్టు తీసినవి) ఎరుపు, ఆకుపచ్చ పక్కపక్కన పెట్టొద్దని, మెజెంటా, పచ్చ పెట్టమని కూడా పిల్లోళ్ళకు ముందే చెప్పండి, ఎరుపూ పచ్చా తేడా తెలియని మగోళ్ళు మన జడ్జీల్లోనే ఉండొచ్చు.

అబ్‌స్ట్రాక్ట్‌ల దగ్గర మనం చేసే తప్పు ఏందంటే, బాగున్నవి తీసుకుంటాం, బాగలేనివి తోసేస్తాం. బాగా రాసినోనికి ఆల్రెడీ మంచి గైడ్ ఉండాడని అర్థం, వానికి మనతో పని తక్కువ. డెడ్‌లైన్‌కు మూడు వారాల ముందు ఒక ఆదివారం సాయంత్రం గూగుల్ మీట్ పెట్టి, వచ్చినోళ్ళ 250 మాటలు స్క్రీన్ మీద పెట్టి అందరూ కలిసి దిద్దండి. మేం నాలుగే ప్రశ్నలు అడిగేవాళ్ళం: ఏ సెల్? ఎవురి నుంచి తీసినావు, మనిషా ఎలుకా సెల్ లైనా (ల్యాబ్‌లోనే పెంచుతా పోయే కణాలు)? ఎన్ని శాంపిళ్ళు? దేనితో పోల్చినావు? ఈ నాలుగూ లేకుండా "ఇమ్యూనిటీ పెరిగినట్టు గమనించడమైనది" అని రాసుకొచ్చేవాళ్ళే సగం మంది. ఇమ్యూనిటీ పెరిగిందంటే ఏం పెరిగిందప్పా, న్యూట్రోఫిల్స్ అనే తెల్ల కణాల సంఖ్యా, టీ సెల్స్ అనే ఇంకో రకం తెల్ల కణాల పనా, ఒంట్లో వాపా? పెరగడం మంచిదని ఎవురు చెప్పినారు, రుమటాయిడ్ ఆర్థ్రైటిస్ వచ్చినోళ్ళకు ఇమ్యూన్ సెల్స్ ఎక్కువ పని చేసే కదా కీళ్ళు పోయేది.

ఈ మధ్యలో ఒక హెచ్చరిక. మీ స్కాలర్లకు "గౌరవనీయులైన డాక్టర్ గారూ, మీ గొప్ప పరిశోధన చూసి మిమ్మల్ని కీనోట్ స్పీకర్‌గా పిలుస్తున్నాం" అని మెయిళ్ళొస్తాంటాయి, పాపం సెకండ్ ఇయర్ పిల్లోడు నిజమనుకుంటాడు. ఫీజు కట్టించుకోడానికి పెట్టే కాన్ఫరెన్సులు అవి. ఈ టైపు వ్యాపారం చేసిన హైదరాబాద్ కంపెనీ ఒకదానికి 2019లో అమెరికా కోర్టు 5 కోట్ల డాలర్లు కట్టమని తీర్పిచ్చింది. ఇండియన్ ఇమ్యూనాలజీ సొసైటీ ఇమ్యునోకాన్ లాంటివి ఉండగా వీటికి పోవాల్సిన ఖర్మ లేదు.

ప్రోగ్రామ్ షీట్ వేసేటప్పుడు ఇన్వైటెడ్ లెక్చర్లను కోయండి, నిర్దాక్షిణ్యంగా. 45 నిమిషాలు అడిగిన పెద్దాయనకు 30 ఇవ్వండి, ఆయన 40 తీసుకుంటాడు, అది వేరే విషయం. మిగిలిన టైమ్‌లో స్కాలర్లకు మూడు నిమిషాలు, ఒకే స్లైడ్, ఒకరి తర్వాత ఒకరు, ఇరవై మంది గంటలో అయిపోతారు. దీని వల్ల ఏమైతాదంటే, తర్వాత పోస్టర్ దగ్గరికి మనుషులు వెతుక్కుంటా వస్తారు. పోస్టర్ సెషన్ లంచ్ తర్వాత పెట్టినారా, అయిపోయింది, సంగటి తిన్నాక ఏ సీనియరూ నిలబడి సైటోకైన్ (ఇమ్యూన్ సెల్స్ వదిలే సంకేతాలు) గ్రాఫ్ చూడడు. పొద్దున 11 నుంచి 1 దాకా పెట్టండి, ఆ టైమ్‌లో హాల్‌కు తాళం వేయండి, మేం నిజంగానే వేసినాం, లేకుంటే ప్రొఫెసర్లందరూ లోపల కూర్చుని ప్రమోషన్ల గురించి మాట్లాడుకుంటారు.

చెయిర్ చేసేవాళ్ళకు ఒక రూల్ చెప్పండి, మొదటి ప్రశ్న స్కాలర్‌దే, వీలైతే ఆడపిల్లదే. ఇది నా సొంత పైత్యం కాదు, 2018లో ప్లస్ వన్ జర్నల్‌లో పది దేశాల్లో దాదాపు 250 సెమినార్లు కూర్చుని లెక్కపెట్టిన స్టడీ వచ్చింది, హాల్లో ఎంతమంది ఆడవాళ్ళున్నా ప్రశ్నలు మగోళ్ళే ఎక్కువ అడుగుతాండారని, మొదటి ప్రశ్న మగోడు అడిగితే ఆ తేడా ఇంకా పెరుగుతాందని తేలింది. మొదటి ప్రశ్న దగ్గరే మనం చేయి పెట్టొచ్చు అన్నమాట. మా దగ్గర ఒక సెషన్‌లో చెయిర్ సారు మైకు పట్టుకుని "స్కాలర్లు అడిగేదాకా నేను ఊరికే నిలబడతా" అని నిజంగానే నిలబడినాడు, నిమిషం సేపు హాలంతా చెవులు గింగురుమన్నాయి, తర్వాత కర్నూలు నుంచి వచ్చిన పాప ఒకతి లేచి "సార్, మీ గ్రాఫ్‌లో సీడీ4 సెల్స్ (ఒక రకం టీ సెల్స్) పర్సెంటేజ్ పెరిగింది అన్నారు, సంఖ్య పెరిగిందా లేక వేరే సెల్స్ తగ్గినందుకు పర్సెంటేజ్ పెరిగిందా" అని అడిగింది. స్పీకర్ రెండు స్లైడ్లు వెనక్కి పోవాల్సొచ్చింది.

భాష సంగతి కూడా ఇక్కడే చెప్పేస్తా. తెలుగులో అడగొచ్చని స్టేజీ మీద నుంచి గట్టిగా చెప్పండి, పక్కనున్న చెయిర్ ఒక లైన్‌లో ఇంగ్లీషులో చెప్తాడు. టెన్త్ దాకా తెలుగు మీడియంలో చదివి, ఇంగ్లీషులో పేపర్లు చదివి అర్థం చేసుకునే పిల్లోడు, మైకు ముందు "సార్ ఐ హ్యావ్ వన్ డౌట్" దగ్గర ఆగిపోతాడు. డౌట్ మాత్రం బ్రహ్మాండంగా ఉంటాది.

ఇప్పుడు అసలు పని, ముందు రోజు సాయంత్రం మాక్ సెషన్. స్కాలర్లను ఒక రోజు ముందే రప్పించండి, హాస్టల్ మెస్ హాల్లో పోస్టర్లు గోడకు ఆనిచ్చి పెట్టించి, ఇద్దరు ముగ్గురు యువ ఫ్యాకల్టీ కలిసి కష్టమైన ప్రశ్నలు అడగండి, మంచిగా అడగండి, వెటకారంగా కాదు. మన పక్క ఎక్కువ వచ్చేవి మొక్కల ఎక్స్‌ట్రాక్ట్‌లు, శేషాచలం అడవుల్లో దొరికే ఏదో ఒక ఆకో బెరడో తెచ్చి, రా 264.7 అనే ఎలుక మాక్రోఫేజ్ (సూక్ష్మజీవుల్ని మింగే కణం) సెల్ లైన్ మీద వేసి, ఎల్‌పీఎస్ అనే బ్యాక్టీరియా పదార్థంతో రెచ్చగొట్టి, సెల్స్ రెచ్చిపోతే పెరిగే నైట్రైట్ తగ్గిందని చూపిస్తారు. తప్పేం లేదు, మంచి పనే, కానీ మూడు ప్రశ్నలకు జవాబు ఉండాల. ఒకటి, నైట్రైట్ తగ్గింది సెల్స్ శాంతించినందుకా, చచ్చిపోయినందుకా, సెల్స్ బతికుండాయా అని చూసే ఎంటీటీ పరీక్ష చేసినావా? రెండు, నీ ఎక్స్‌ట్రాక్ట్‌లోనే ఎండోటాక్సిన్ ఉంటే? ఎండోటాక్సిన్ అంటే ఆ ఎల్‌పీఎస్సే కదా, కంట్రోల్ సెల్స్‌ను కూడా అది రెచ్చగొడతాది. మూడు, ఎన్ (ఎన్నిసార్లు విడివిడిగా చేసినావు అనే లెక్క) ఎంత? ఒకే ప్లేట్‌లో మూడు వెల్స్ (గుంతలు) పెట్టి ఎన్ ఈక్వల్ టు మూడు అని రాసేది మా కాలం నుంచీ ఉన్న జబ్బు, అది ఒకే ప్రయోగం, మూడు సార్లు పైపెట్ చేసినావు అంతే. వేరే వేరే రోజుల్లో, వేరే పాసేజ్ (మళ్ళీ మార్చి పెంచిన) సెల్స్‌తో మూడుసార్లు చేస్తే అప్పుడు మూడు.

ఫ్లో సైటోమెట్రీ (సెల్స్‌కు రంగులు అంటించి మెషిన్‌లో ఒక్కోటి లెక్కపెట్టేది) చేసినోళ్ళను వేరేగా కూర్చోబెట్టండి. డెడ్ సెల్స్ తీసేసే రంగు వాడినావా, ఒక్కో రంగు వదిలేసి నడిపే ఎఫ్‌ఎంఓ కంట్రోల్ పెట్టినావా, గేటు (ఏ సెల్స్ లెక్కలోకి తీసుకోవాలనే గీత) ఇక్కడే ఎందుకు గీసినావు, సీడీ14 అనే గుర్తు చూసి మాక్రోఫేజ్ అంటే ఎట్ల, అది మోనోసైట్ అనే ఇంకో తెల్ల కణం మీద కూడా ఉంటాది కదా. ముందురోజు రాత్రి స్నేహితుల ముందు ఏడిస్తే పర్వాలేదు, మరుసటి రోజు గైడ్ ముందు నోరు పెగలకపోతేనే కష్టం. ఒక్కటి మాత్రం గట్టిగా నేర్పించండి, "తెలియదు, చూసి చెప్తాను సార్" అని తల దించుకోకుండా చెప్పడం.

మన ఊర్లలో ఈ మెషిన్లు అందరికీ అందవు, ఆ సంగతి బెంగళూరు నుంచి, హైదరాబాద్ నుంచి వచ్చే గెస్టులకు ముందే మెయిల్‌లో రాయండి. ఒక పాప ఎథిక్స్ పర్మిషన్ తీసుకుని పేషెంట్ల రక్తం ట్యూబుల్లో పట్టుకుని తెల్లారి మూడింటికి అనంతపురంలో బస్సెక్కి బెంగళూరులో వేరే ల్యాబ్‌లో మెషిన్ టైమ్ దొరికిన రోజు పని చేసుకునేది, చల్లగా పెడితే భద్రమనుకుని మొదటిసారి ఐసులో పెట్టి తీసకపోయింది, తెల్ల కణాలు వేరు చేయబోతే సరిగ్గా రాలేదు, గది వేడిలో పెట్టి ఆ రోజే చేయాలని అక్కడ ఎవరో చెప్తే తెలిసింది. న్యూట్రోఫిల్స్ అయితే ఇంకా కష్టం, ఫ్రీజ్ చేసి దాచుకుందామంటే బతకవు, తీసినరోజే పని అయిపోవాల. ఇంత తిప్పలు పడి పన్నెండు శాంపిళ్ళు తెచ్చిన పాపను "ఓన్లీ ట్వెల్వ్?" అని అడిగి ముందుకు పోయినాడు ఒక పెద్దాయన. అట్లాంటోళ్ళను ఆపలేం కానీ, శాంపిల్ ఎట్ల తెచ్చినావు అని అడిగే మనిషిని ఒకర్ని ఆ వరసలో పెట్టగలం.

వర్క్‌షాప్ పెట్టాలనుకుంటే మెషిన్ లేదని ఆగొద్దు. ఇమ్‌పోర్ట్ అనే డేటాబేస్‌లో వేరే వాళ్ళు చేసిన ఇమ్యూనాలజీ స్టడీల డేటా ఫ్రీగా ఉంటాది, జియో (జీఈఓ) అనే ఇంకో డేటాబేస్‌లో జీన్ డేటా ఉంటాది, లెక్కలు చేసే ఆర్ అనే సాఫ్ట్‌వేర్ కూడా ఫ్రీ. ఒక పూట లాప్‌టాప్‌లు పెట్టుకుని కూర్చుంటే ఫెలోషిప్ లేని పిల్లోడు కూడా ఒక ప్రశ్న పట్టుకుని ఇంటికి పోతాడు. ఇంకో పూట లీష్‌మన్ స్టెయిన్ అనే రంగు వేసి రక్తం స్లైడ్ మీద డిఫరెన్షియల్ కౌంట్ (ఏ రకం తెల్ల కణాలు ఎన్నో లెక్క) చేయించండి, నవ్వుకుంటారు మొదట, ఎమ్మెస్సీలో చేసినాం కదా సార్ అంటారు, తర్వాత మోనోసైట్‌కూ పెద్ద లింఫోసైట్‌కూ తేడా చెప్పలేక కొట్టుకుంటారు.

జడ్జీలు. 36 పోస్టర్లు, ఒక్కో పోస్టర్ ఇద్దరు చూడాల, ఒక్కో జడ్జికి ఆరు, అంటే పన్నెండు మంది కావాల. ముగ్గురితో కానిచ్చేస్తే టైటిల్ చదివి మార్కులేస్తారు. ప్రైజు ఒకరిద్దరికే వస్తాది, అందుకే ప్రతి పోస్టర్‌కూ జడ్జి చేత రెండు లైన్లు రాయించండి, ఒకటి నచ్చింది, ఒకటి మార్చాల్సింది. వింత ఐడియా కనపడితే కొట్టేయొద్దని కూడా వాళ్ళకు చెప్పండి. ఇమ్యూన్ సిస్టమ్‌ను అదుపులో పెట్టే టీ సెల్స్ ఉన్నాయంటే ఒక కాలంలో ఆ ఫీల్డ్ మొత్తం నమ్మకం పోగొట్టుకుని వదిలేసింది, షిమోన్ సకగుచి అనే జపాన్ శాస్త్రవేత్త వదల్లేదు, 1995లో పేపర్ వేసినాడు, 2025లో మేరీ బ్రంకో, ఫ్రెడ్ రామ్స్‌డెల్‌తో కలిపి నోబెల్ ఇచ్చినారు.

ఆ బ్రంకో, రామ్స్‌డెల్ ఇద్దరి కథ కెరీర్ సెషన్‌లో చెప్పండి, మన పిల్లోళ్ళకు బాగా ఎక్కుతాది. అదుపులో పెట్టే ఆ టీ సెల్స్‌కు కీలకమైన ఫాక్స్‌పీ3 జీన్ సంగతి వాళ్ళు కనిపెట్టింది కాలేజీలో కాదు, ఒక బయోటెక్ కంపెనీలో పని చేస్తా 2001లో. నోబెల్ వచ్చేనాటికి బ్రంకో ప్రొఫెసర్ కూడా కాదు, ఒక ఇన్‌స్టిట్యూట్‌లో ప్రోగ్రామ్ మేనేజర్. ఇక్కడ అసిస్టెంట్ ప్రొఫెసర్ నోటిఫికేషన్ కోసం ఏండ్ల తరబడి ఎదురుచూసేవాళ్ళకు ఇది వినపడాల. ప్యానెల్‌లో ప్రొఫెసర్ ఒకరుంటే చాలు, మిగతా వాళ్ళు హైదరాబాద్ జీనోమ్ వ్యాలీలో వ్యాక్సిన్ క్వాలిటీ చూసేవాళ్ళు, ఆసుపత్రి డయాగ్నొస్టిక్ ల్యాబ్ నడిపేవాళ్ళు, క్లినికల్ ట్రయల్స్‌లో పని చేసేవాళ్ళు ఉండాల. మన దేశంలోనే తయారైన మొదటి కార్-టీ క్యాన్సర్ థెరపీ నెక్స్‌కార్19కు 2023 అక్టోబర్‌లో పర్మిషన్ వచ్చింది, పేషెంట్ టీ సెల్స్ తీసి మార్చి మళ్ళీ ఎక్కించే పని అది, సెల్ కల్చర్ చేతికొచ్చినోళ్ళకు అక్కడ ఉద్యోగాలుంటాయి. జీతం ఎంత అని అడిగితే సిగ్గుపడకుండా చెప్పే మనుషులనే పిలవండి.

భోజనం దగ్గర ఒక పని చేయండి. సీనియర్ల ప్లేట్లు వీఐపీ రూములో పెట్టొద్దు. పొద్దున ఉగ్గాని బజ్జీ అయినా, మధ్యాహ్నం సంగటి, చెనిక్కాయల చట్నీ అయినా అందరికీ ఒకే లైన్, ఒక్కో టేబుల్‌కు ఒక సీనియర్, ఐదుగురు స్కాలర్లు, పేర్లు రాసి పెట్టండి. బెంగళూరు నుంచి వచ్చిన ఒక మేడం సంగటి ఎట్ల తినాలో మా స్కాలర్‌ను అడిగింది, నమలొద్దు మేడం, మింగేయాల అని నేర్పించినాడు, ఆ తర్వాత ఇద్దరూ ముప్పావు గంట బీ సెల్స్ గురించి మాట్లాడుకున్నారు, వాడిప్పుడు ఆమె ల్యాబ్‌లోనే పోస్ట్‌డాక్. పరిచయం చేసేటప్పుడు "మా స్కాలర్" అని వదిలేయకుండా పేరు చెప్పి, ఏ సెల్ మీద ఏం చేస్తాందో ఒక ముక్క చెప్పండి.

ఆడపిల్లల బస వేరే హాస్టల్‌లో, వార్డెన్ ఫోన్ నంబర్ ఐడీ కార్డు వెనకే ప్రింట్ చేయించండి, ఇబ్బంది పెట్టినోళ్ళ గురించి ఎవరికి చెప్పాలో, ఇంటర్నల్ కమిటీ మేడం పేరు, నంబర్ కూడా అక్కడే. చంటిపిల్లతో వచ్చేవాళ్ళుంటే హాల్ పక్కన ఒక రూము, ఫ్యాను, చాప, లోపలి నుంచి గడియ. వాళ్ళమ్మనో అత్తనో తోడు తెచ్చుకుంటే ఆమెకు కూడా భోజనం టోకెన్ ఇవ్వండి, లెక్కలు అడగొద్దు. పోస్టర్ మీద అతికించుకోడానికి "ఫోటో తీయొద్దు" స్టిక్కర్లు కొన్ని పెట్టుకోండి, పబ్లిష్ కాని డేటా ఉన్నోళ్ళు వేసుకుంటారు.

డిసెంబర్ నుంచి ఫిబ్రవరి లోపల పెట్టుకోండి, మేలో పెడితే పోస్టర్ల కంటే ముందు మనుషులు వాడిపోతారు. రెండో రోజు వ్యాలిడిక్టరీ (ముగింపు సభ) పేరుతో ఆరున్నర దాకా లాగొద్దు, నాలుగింటికి ముగించండి. కడప, కర్నూలు పోయేవాళ్ళకు చీకటి పడకముందే బస్సెక్కించాల, బస్టాండుకు కాలేజీ వ్యాను రెండు ట్రిప్పులు వేయించండి, రాత్రి భోజనం పొట్లం కట్టించి ఇవ్వండి. సర్టిఫికెట్లు ముందే పేర్లు ప్రింట్ చేసి పెట్టుకోండి, స్పెల్లింగ్ వాళ్ళ చేతే చూపించుకుని. జడ్జీలు రాసిన రెండు లైన్ల చీటీ అదే కవర్లో పెట్టండి. వారం తర్వాత ఒక మెసేజ్ పెట్టండి, ఎవరితో మాట్లాడినావు, వాళ్ళకు మెయిల్ రాసినావా అని, రాయనోళ్ళే ఎక్కువ ఉంటారు, డ్రాఫ్ట్ పంపించమనండి, దిద్దివ్వండి. మా రెండో కాన్ఫరెన్స్ అయినాక 40 మందికి పెడితే 17 మంది డ్రాఫ్టులు పంపినారు, అందులో పదకొండు "రెస్పెక్టెడ్ సర్, విత్ డ్యూ రెస్పెక్ట్ ఐ బెగ్ టు సబ్మిట్" అనే మొదలైనాయి.